కార్డు కన్నా ముందు కరెంటు సంగతి చూడండి

మామిడికాయ కోతలు అయిపోయి తోట డబ్బు చేతికొచ్చే వేళకే పిల్లల పరీక్షలూ అయిపోతాయి. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఓ దరఖాస్తు పడుతుంది.

‘‘నాన్నా, మన కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ కార్డు వేయిద్దాం.’’

‘‘ఎందుకురా, బానే నడుస్తందిగా?’’

‘‘నడుస్తంది గానీ ప్రాజెక్టు పని మొదలెడితే నిలబడిపోతంది నాన్నా.’’

‘‘ఎంతవుద్ది?’’

అసలు చిక్కంతా ఆ చివరి ప్రశ్న దగ్గరే వస్తుంది. అబ్బాయి చెప్పేది కార్డు ధర. నాన్న ఖర్చుపెట్టాల్సి వచ్చేది మరోటి. ఎందుకంటే గ్రాఫిక్స్ కార్డు ఒంటరిగా ఇంటికి రాదు. దాని వెనకాలే ఎస్‌ఎంపీఎస్, ప్రాసెసర్, ఒక్కోసారి మదర్‌బోర్డు, ర్యామ్ కూడా వరసకట్టి వస్తాయి. ఈ లెక్క ముందే తెలియకపోతే రెండు రకాలుగా నష్టం. ఒకటి, వేలు పోసి కొన్న కార్డు సగం పని కూడా చేయదు. రెండోది మరీ ఘోరం. ఓ సాయంత్రం ‘టప్’మని చప్పుడు, కాలిన వాసన. కార్డుతో పాటు బోర్డు, హార్డ్‌డిస్కు, అందులోని చదువుల ఫైళ్లు, చెల్లి పెళ్లి ఫొటోలు అన్నీ పోతాయి.

గన్నవరం పక్కన ఉంగుటూరు, అదే మండలంలోని తేలప్రోలు, ఆత్కూరు, కాస్త ఎగువన నూజివీడు... ఒకవైపు వరిచేలు, మరోవైపు రసాలు, బంగినపల్లి తోటలు. నూజివీడులో ట్రిపుల్ ఐటీ 2008లోనే వచ్చింది. ఈ ఊళ్లలో బీటెక్ చదివే పిల్లలకు కొదవలేదు. వాళ్ల ఇళ్లలో అన్నయ్య చదువుకోసం పదేళ్ల కిందట కొన్న డెస్క్‌టాప్‌లకూ కొదవలేదు. వాటికి మళ్లీ జీవం పోయొచ్చా అంటే, భేషుగ్గా పోయొచ్చు. కాకపోతే ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలిసుండాలి.

మేస్త్రీ, కూలీలు

మన దగ్గర టేబుల్ కింద ఉండే డబ్బా మొత్తాన్ని ‘సీపీయూ’ అనేస్తాం. నిజానికి సీపీయూ అంటే లోపల ఫ్యాన్ కింద దాక్కున్న ప్రాసెసర్ ఒక్కటే. అగ్గిపెట్టె కన్నా కాస్త చిన్నగానే ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డులోనూ ఇలాంటి చిప్పే ఉంటుంది. దాన్ని జీపీయూ అంటారు. 1999లో జీఫోర్స్ 256 కార్డు తెచ్చినప్పుడు ఎన్‌విడియా కంపెనీ ఈ పేరును ప్రచారంలోకి తెచ్చింది.

ఇద్దరి పనీ ఒకటి కాదు. మామిడి తోటలో కోత రోజు గుర్తు తెచ్చుకోండి. ఏ చెట్టు ముందు కోయాలి, ఏ కాయ ఏ గ్రేడు, లారీ ఎప్పుడు రావాలి... ఇవన్నీ చూసేది మేస్త్రీ. అతను చెప్పిన పనిని ఒకేలా, ఒకేసారి చేసేది కూలీలు. ప్రాసెసర్ మేస్త్రీ అయితే గ్రాఫిక్స్ కార్డు కూలీల జట్టు. మామూలు ప్రాసెసర్‌లో నాలుగో, ఆరో, ఎనిమిదో కోర్లుంటాయి. అదే ఆర్‌టీఎక్స్ 3060 అనే కార్డులో చిన్న చిన్న కోర్లు 3,584. తెర మీద లక్షల చుక్కలకు ఒక్కసారే రంగు పులమాలన్నా, వీడియోకు ఎఫెక్టులు వేయాలన్నా, కృత్రిమ మేధ ప్రోగ్రాముకు శిక్షణ ఇవ్వాలన్నా ఈ జట్టే దిక్కు.

అయితే మేస్త్రీ మందకొడి అయితే? జట్టంతా చెట్టు కింద కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంది. పాత ప్రాసెసర్‌కి కొత్త కార్డు తగిలిస్తే జరిగేది ఇదే. దీన్నే కంప్యూటర్ వాళ్లు బాటిల్‌నెక్ అంటారు. పని నడుస్తున్నప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. ప్రాసెసర్ నూటికి నూరు చూపిస్తూ కార్డు ముప్ఫై, నలభై దగ్గర తచ్చాడుతుంటే కార్డు మార్చి లాభం లేదు, మేస్త్రీని మార్చాలి. అలాకాక కార్డు నూరు చూపిస్తుంటే అప్పుడు కార్డే మార్చాలి. రెండూ ఖాళీగా ఉండి కూడా కంప్యూటర్ నత్తనడక నడుస్తుంటే నేరం పాత హార్డ్‌డిస్కుదో, చాలని ర్యామ్‌దో. అలాంటప్పుడు ఎస్‌ఎస్‌డీ వేయిస్తే చాలు, పాత మిషన్ లేచి కూర్చుంటుంది. తోట డబ్బులో చాలావరకు మిగులుతుంది కూడా!

అర హెచ్‌పీ మోటారు

ఇక అసలు సంగతి. మేస్త్రీకీ, జట్టుకీ కూడా కూడు పెట్టేది ఎస్‌ఎంపీఎస్. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును కంప్యూటర్‌కు పనికొచ్చే 12, 5, 3.3 వోల్టుల కరెంటుగా మార్చే ఇనప డబ్బా. దాని మీద లైట్లుండవు. కొనేటప్పుడు దాని గురించి ఎవరూ అడగరు. క్యాబినెట్‌తో పాటే వచ్చేస్తుంది కాబట్టి అది ఫ్రీ అనుకుంటారు.

పంపుసెట్టున్న రైతుకు ఇది వేరే చెప్పాలా? మూడు హెచ్‌పీ మోటారు తీసేసి ఏడున్నర హెచ్‌పీది బిగిస్తే ముందు స్టార్టర్ చూస్తాడు, కేబుల్ చూస్తాడు, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత లోడుందో చూస్తాడు. పాత వైరుకే కొత్త మోటారు తగిలించే పొరపాటు చేయడు. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం పిల్లలు సరిగ్గా ఆ పనే చేస్తారు.

లెక్క వేద్దాం. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్ గట్టిగా పనిచేసేటప్పుడు 117 వాట్ల దాకా తీసుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 3060 కార్డు 170 వాట్లు. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఓ 60 అనుకోండి. మొత్తం సుమారు 350 వాట్లు. అంటే దాదాపు అర హెచ్‌పీ మోటారు మీ టేబుల్ కింద తిరుగుతున్నట్టే!

‘‘నా ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని రాసుందిగా’’ అంటారా? ఆ పెద్ద అంకెను పక్కనపెట్టి దాని కిందున్న చిన్న పట్టీ చదవండి. ప్రాసెసర్, కార్డు రెండూ బతికేది 12 వోల్టుల లైను మీదే. ఆ గడిలో ఎన్ని ఆంపియర్లున్నాయో చూసి పన్నెండుతో గుణించండి. ఉదాహరణకు 16 ఆంపియర్లుంటే 192 వాట్లు. కార్డు ఒక్కదానికే 170 పోతే ప్రాసెసర్‌కు మిగిలేదేంటి? అందుకే ఆర్‌టీఎక్స్ 3060కి కనీసం 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని దాని తయారీదారే చెప్పింది. ఆటలో కార్డు కరెంటు వాడకం క్షణాల్లో ఎగిరి పడుతుంటుంది. ఆ కుదుపులు తట్టుకోవడానికే ఈ వెసులుబాటు.

కొత్తది కొనేటప్పుడు డబ్బా మీద ‘80 ప్లస్’ ముద్ర చూడండి. 2004లో మొదలైన పద్ధతి ఇది. గోడలోంచి తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతం కంప్యూటర్‌కు చేరుతుందనీ, మిగతాదే వేడిగా పోతుందనీ దానర్థం. 2008లో బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ తరగతులొచ్చాయి. సగం లోడు దగ్గర బ్రాంజ్ 85 శాతం, గోల్డ్ 90 శాతం దాకా ఇస్తాయి. ఇది పొదుపుకు సంబంధించిన ముద్రే అయినా, కరెంటు వృథా చేయని డబ్బాలో లోపలి సరుకు కూడా సాధారణంగా నయంగానే ఉంటుంది.

పాత ఎస్‌ఎంపీఎస్ ఇన్నేళ్లు బాగానే పనిచేసింది కదా అని కూడా అనుకోవద్దు. లోపలుండే కెపాసిటర్లు ఏటేటా సత్తువ కోల్పోతాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఇంజినీర్ల లెక్క. మే నెలలో మన ఎండలు 42, 43 దాటడం మామూలే. రేకుల గదిలో, కంప్యూటర్ టేబుల్ అరలో ఊపిరాడకుండా ఇరికించిన డబ్బా సంగతి ఇక చెప్పేదేముంది! ఒక్కమాట మాత్రం గుర్తుంచుకోండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను ఇంట్లో విప్పకూడదు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లో 300 వోల్టుల పైన కరెంటు దాగి ఉండొచ్చు.

క్యాబినెట్ జివ్వుమంటోందా?

ఊళ్లలో తరచూ వినిపించే ఫిర్యాదు ఇది. డబ్బా ముట్టుకుంటే చేతికి సన్నగా జివ్వుమంటుంది. ‘కంప్యూటర్ షాక్ కొడుతోంది’ అని చెప్పులేసుకుని వాడుతుంటారు. చాలాసార్లు జబ్బు కంప్యూటర్‌ది కాదు, ఇంటి ఎర్తుది. ఎస్‌ఎంపీఎస్‌లో ఉండే వడపోత కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును ఎర్తులోకి వదులుతుంటాయి. ఎర్తు వైరు లేకపోతే అది ఇనప డబ్బాకే చేరి, మీరు ముట్టుకున్నప్పుడు మీ ద్వారా నేలకు పోతుంది. కొన్నిసార్లు లోపల నిజంగానే లీకు ఉండొచ్చు, కాబట్టి ఎలక్ట్రీషియన్‌తో చూపించడం తప్పనిసరి. మూడు పిన్నుల ప్లగ్గులో లావుపాటి పిన్ను ఎందుకుందో, పెరట్లో బొగ్గు, ఉప్పు వేసి ఎర్తు గుంట ఎందుకు తీస్తారో ఇప్పుడర్థమైందిగా. కార్డు కొనేముందు ఆ గుంటలో నాలుగు బిందెల నీళ్లు పోయించండి. ఎర్తే లేకపోతే వేయించండి. దానికయ్యే ఖర్చు కార్డు ఖర్చులో ఏ మూలకీ రాదు.

యూపీఎస్ సంగతీ చూసుకోవాలి. ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్‌లు మోసేది సుమారు 360 వాట్లే. పాత కంప్యూటర్‌కి పదిహేను నిమిషాలు ఆగింది కదా అనుకుంటే, కొత్త కార్డుతో ఆట మధ్యలో కరెంటు పోగానే అది ‘కీ’మని మూలిగి చతికిలబడొచ్చు. మానిటర్ కూడా దాని మీదే ఉంటే మరీను. ఇక ఈదురుగాలులు లేచి కాయలు రాలే సాయంత్రాల్లో, ఉరుము వినగానే ప్లగ్గు పీకేయడం అన్నింటికన్నా చవకైన రక్షణ.

కరెంటు బిల్లు కూడా లెక్కలోకే వస్తుంది. 350 వాట్లు కావాలంటే 85 శాతం ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ గోడలోంచి 410 దాకా లాగుతుంది. పూర్తి లోడు మీద రోజుకు అయిదు గంటలు నడిస్తే రెండు యూనిట్లు, నెలకు 60 యూనిట్ల పైమాటే. శ్లాబు మారితే పై యూనిట్లకు ధర కూడా పెరుగుతుంది.

అంటు కలవాలి కదా

ప్రాసెసర్ మార్చడం అంటే మామిడికి అంటు కట్టడం లాంటిది. ఏ కొమ్మ పడితే ఆ కొమ్మ ఏ మొక్కకూ అతకదు. ప్రాసెసర్ కూర్చునే సాకెట్టు మదర్‌బోర్డు మీద ఉంటుంది. ఇంటెల్ వాళ్లు 2011లో ఎల్‌జీఏ 1155, 2013లో 1150, 2015లో 1151, 2020లో 1200, 2021లో 1700, 2024లో 1851... ఇలా సాకెట్లు మారుస్తూ వచ్చారు. అంకె అంటే పిన్నుల సంఖ్య. 2012లో కొన్న 1155 బోర్డులో ఈనాటి ప్రాసెసర్ కూర్చోదు. బోర్డు మార్చాలి. బోర్డు మారితే డీడీఆర్3 ర్యామ్ కూడా పనికిరాదు, గాడి కలవదు.

ఇంకో తిరకాసుంది. 2017లో వచ్చిన ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్ల సాకెట్టు పేరు కూడా 1151యే. చూడ్డానికి అచ్చం అదే. కానీ ఆరు, ఏడు తరాల బోర్డుల్లో అది పనిచేయదు. ‘సాకెట్ ఒకటేగా’ అని సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఏఎండీ కాస్త నయం. 2016లో తెచ్చిన ఏఎం4 సాకెట్టునే 2022లో ఏఎం5 వచ్చేదాకా నడిపింది. 2017లో రైజెన్ 3 వేసుకున్న బోర్డుల్లో చాలావాటికి బయోస్ అప్‌డేట్ చేస్తే రైజెన్ 5 5600 వేసుకోవచ్చు. ఆ అప్‌డేట్ పాత ప్రాసెసర్ ఉండగానే చేయాలి, చేసేటప్పుడు కరెంటు పోకూడదు. యూపీఎస్ ఉండాలనేది అందుకే. బోర్డు తయారుచేసిన కంపెనీ సైట్‌లో ఏయే ప్రాసెసర్లు పనిచేస్తాయో జాబితా ఉంటుంది. డబ్బులిచ్చే ముందు అది చూడండి.

మరో కారణంతోనూ ప్రాసెసర్ విషయం ఆలోచించాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఏఎండీలో రైజెన్ 2000 వరస, ఆ పైవి ఉండాలి. అంతకన్నా పాత ప్రాసెసర్ ఉన్న మిషన్‌కు ఖరీదైన కార్డు కొనడం కూలబోయే ఇంటికి రంగులేయించినట్టే.

అప్పుడిక కార్డు

మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే స్లాట్ నుంచి 75 వాట్ల దాకా కరెంటు అందుతుంది. అంతకుమించి కావాలంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా కేబుల్ రావాలి. ఆరు పిన్నులదైతే మరో 75, ఎనిమిది పిన్నులదైతే 150 వాట్లు. 2019లో వచ్చిన 75 వాట్ల జీటీఎక్స్ 1650, 2024లో వచ్చిన 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డుల్లో చాలా మోడళ్లకు విడి కేబుల్ అక్కర్లేదు. కాలేజీ ప్రాజెక్టులు, ఓ మోస్తరు ఎడిటింగ్, మామూలు ఆటలకు ఇవి చాలు. ఎస్‌ఎంపీఎస్ నాణ్యమైనదై, ఆరోగ్యంగా ఉంటే దాన్ని మార్చే ఖర్చు కూడా తప్పుతుంది.

పెద్ద కార్డే కావాలంటే ఎనిమిది పిన్నుల కేబుల్ ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా రావాలి. హార్డ్‌డిస్కుకిచ్చే సన్నని వైర్లను కన్వర్టర్‌తో కలిపి కార్డుకిచ్చే పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు. కేబుళ్లు ఊడొచ్చే రకం ఎస్‌ఎంపీఎస్ అయితే పాతదాని కేబుళ్లు కొత్తదానికి వాడొద్దు. చూడ్డానికి దూరుతాయి గానీ లోపలి తీగల వరస వేరుగా ఉండి బోర్డు, డిస్కులు కాలిపోతాయి. చిన్న విషయాలని తీసిపారేయకండి. 2022 అక్టోబర్‌లో ఆర్‌టీఎక్స్ 4090 అనే అతి ఖరీదైన కార్డులు కొన్నవాళ్లలో కొందరికి పవర్ కనెక్టర్ కరిగిపోయింది. కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగకపోవడం అందుకు ఒక కారణంగా తేలింది. ఆ తర్వాతి ఏడాది కనెక్టర్ డిజైన్‌నే సవరించారు.

సెకండ్‌హ్యాండ్ కార్డు కొంటుంటే ఒక చరిత్ర తెలుసుకోవాలి. 2020-21లో క్రిప్టో నాణేల తవ్వకానికి ఈ కార్డులను వేలకువేలు రాత్రింబవళ్లు నడిపారు. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం ఆ పద్ధతి మానేసింది. దాంతో వాడి వాడి అలసిన కార్డులెన్నో బజారున పడ్డాయి. అందుకే పాత కార్డును అరగంటసేపు పూర్తి లోడు మీద నడిపి, వేడి చూసి, ఫ్యాన్ల చప్పుడు విని కొనాలి. కార్డు పొడవు క్యాబినెట్‌లో పడుతుందో లేదో టేపుతో కొలవాలి. ఆఫీసుల్లో వాడి అమ్మేసిన కంపెనీ సిస్టమ్‌లు మీవైతే ఇంకా జాగ్రత్త. చాలావాటిలో ఎస్‌ఎంపీఎస్ సైజు, పిన్నులు మామూలు వాటికన్నా తేడాగా ఉంటాయి.

బిగించే రోజు చేయాల్సినవి నాలుగే. ఫైళ్లన్నీ ముందే వేరే డిస్కులోకి ఎక్కించుకోండి. ప్లగ్గు తీశాక పవర్ బటన్ ఓసారి నొక్కి వదలండి. బ్లోయర్‌తో దుమ్ము కొట్టి, ప్రాసెసర్ మీద పాత పేస్టు తుడిచి కొత్తది బఠానీ గింజంత పెట్టండి. చివరగా మానిటర్ కేబుల్‌ను బోర్డుకు కాకుండా కార్డుకే గుచ్చండి. కార్డు పెట్టినా తేడా లేదని షాపుకు పరిగెత్తేవాళ్లలో కొందరి జబ్బు ఇదే. ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే దానికి సొంత గ్రాఫిక్స్ ఉండదు, బోర్డుకు గుచ్చితే తెర వెలగనే వెలగదు.

బెజవాడ వెళ్లినా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్లినా సీరియల్ నంబరుతో జీఎస్‌టీ బిల్లు తీసుకోండి. వారంటీకి అదే ఆధారం. పాత బోర్డులు, ఎస్‌ఎంపీఎస్ పాత ఇనుము వాళ్ల బండికి వేయొద్దు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని అనుమతి ఉన్న రీసైక్లర్లకే చేర్చాలి.

డబ్బు ఒక్కసారే సరిపోకపోతే? ఈ కాపుకు ఎర్తు, మంచి ఎస్‌ఎంపీఎస్. వచ్చే కాపుకు బోర్డు, ప్రాసెసర్. ఆ పైన కార్డు. పిల్లలు అడిగే వరసకు ఇది సరిగ్గా తలకిందులు. వాళ్లకు కోపం రావచ్చు. అయినా పట్టు వదలకండి. కార్డు మూడేళ్లకు పాతదైపోతుంది. అయిదేళ్లు, ఏడేళ్లు, పదేళ్లు వారంటీతో వచ్చే ఎస్‌ఎంపీఎస్‌లున్నాయి. ఇవాళ కొన్న ఆ డబ్బా రేపటి కార్డుకూ, ఎల్లుండి చెల్లెలి కంప్యూటర్‌కూ కూడా కూడు పెడుతుంది.